కక్ష్యలో ఉండగానే దేశం మారిపోయిన వ్యోమగామి: సెర్గేయ్ క్రికల్యోవ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు ఒక వ్యోమగామిని అంతరిక్షంలోనే వదిలేశారనీ, కిందికి తీసుకురావడానికి డబ్బు లేక నెలల తరబడి అక్కడే ఉంచేశారనీ చాలా చోట్ల చదివాను. ఆయన పేరు సెర్గేయ్ క్రికల్యోవ్ అట. ఇందులో నిజమెంత?

జవాబు: ఆయన అనుకున్నదానికి రెట్టింపు కాలం అంతరిక్షంలో గడిపిన మాట నిజం. ఆ కాలంలోనే ఆయన పౌరుడిగా ఉన్న దేశం లేకుండా పోయిన మాటా నిజం. ఆయన్ని అక్కడ వదిలేశారన్నది మాత్రం నిజం కాదు. ఈ మూడో మాట మొదటి రెండింటినీ అంటిపెట్టుకుని ప్రచారంలోకి వచ్చింది. దానివల్ల ఆయన మీద లోకానికి జాలి కలిగింది గానీ, ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. అందుకే జవాబు కొంత పొడవైనా, జరిగినది జరిగినట్టు వరసగా చెబుతాను.

1991 మే 18న క్రికల్యోవ్ కజకిస్తాన్‌లోని బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి సోయుజ్ టీఎం-12 నౌకలో బయల్దేరారు. నౌకకు కమాండర్ అనతోలీ అర్త్సెబార్స్కీ. మూడో సీటులో ఉన్నది బ్రిటన్ తొలి వ్యోమగామి హెలెన్ షార్మన్. మిర్ అంతరిక్ష కేంద్రంలో అప్పటికే ఉన్న బృందంతో కలిసి షార్మన్ కొద్ది రోజులకే తిరిగి వచ్చేశారు. మిగిలిన ఇద్దరూ దాదాపు అయిదు నెలలు మిర్‌లో పనిచేసి అక్టోబరులో దిగిరావాలన్నది ప్రణాళిక. అర్త్సెబార్స్కీ ఆ ప్రకారమే దిగారు. క్రికల్యోవ్ దిగలేదు.

దానికి కారణం బైకనూర్ ఉన్న నేల. సోవియట్ రిపబ్లిక్‌లు ఒక్కొక్కటే తమ హక్కుల కోసం గొంతెత్తుతున్న రోజులవి. యూరీ గగారిన్ మొదలుకొని సోవియట్ వ్యోమగాములందరూ కజకిస్తాన్ గడ్డ మీది నుంచే ఎగిరినా, కజక్ జాతీయుడొకరు వారిలో లేకపోవడం ఆ రిపబ్లిక్ నాయకత్వానికి కొరతగానే ఉండేది. మరోవైపు అంతరిక్ష కార్యక్రమానికి నిధులు సన్నగిల్లి, విడివిడిగా జరగవలసిన రెండు యాత్రలను కలిపి ఒక్కటి చేయవలసి వచ్చింది. సోయుజ్‌లో ఉండేవి మూడే సీట్లు. ఒకటి కమాండర్ అలెగ్జాండర్ వోల్కోవ్‌ది. రెండోది డబ్బు చెల్లించి యాత్రకు ఒప్పందం చేసుకున్న ఆస్ట్రియా తరఫున ఫ్రాంజ్ ఫీబెక్‌ది. మూడోది కజకిస్తాన్‌కు చెందిన టెస్ట్ పైలట్ తొక్తార్ అవుబకిరోవ్‌ది. దీంతో క్రికల్యోవ్ స్థానంలోకి రావలసిన ఫ్లైట్ ఇంజినీరుకు సీటే లేకుండా పోయింది. అవుబకిరోవ్ ఆరితేరిన పైలట్, కాని నెలల తరబడి కేంద్రంలో ఉండి దాన్ని నడిపేందుకు కావలసిన శిక్షణ ఆయన పొందలేదు. అందువల్ల, తర్వాతి బృందం వచ్చేదాకా మీరే ఉండగలరా అని జూలైలో క్రికల్యోవ్‌ను అడిగారు. ఆయన ఒప్పుకున్నారు.

జూలై అన్నది ఇక్కడ ముఖ్యం. మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచోవ్‌ను గద్దె దించేందుకు తిరుగుబాటు జరిగింది ఆగస్టు 19న. గోర్బచోవ్ రాజీనామా చేసి, క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది డిసెంబరు 25న. సోవియట్ యూనియన్ రద్దయినట్టు ఆ దేశపు చట్టసభ సుప్రీం సోవియట్ ప్రకటించింది ఆ మరునాడు. అంటే, ఆయన ఉండిపోవాలన్న నిర్ణయం దేశం కూలిన తర్వాత గందరగోళంలో జరిగినది కాదు. అయిదు నెలల ముందే, ఆయనను అడిగి, ఆయన సమ్మతితో తీసుకున్నది. దేశాన్ని కూల్చిన ఒత్తిళ్లే, అంటే నిధుల కొరతా రిపబ్లిక్‌ల రాజకీయమూ, ఆ నిర్ణయం వెనుకా ఉన్నాయన్నది కాదనలేని సంగతి.

ఇక కిందికి తేవడానికి డబ్బు లేదన్న మాట. మిర్‌లో మనుషులున్నంత కాలం కనీసం ఒక సోయుజ్ నౌక దానికి అతుక్కునే ఉండేది. అక్టోబరు 10న అర్త్సెబార్స్కీ, అవుబకిరోవ్, ఫీబెక్ పాత నౌకలో దిగిపోయినప్పుడు, వోల్కోవ్ తెచ్చిన కొత్త నౌక సోయుజ్ టీఎం-13 కేంద్రం దగ్గరే ఉండిపోయింది. ఆ నౌకలో క్రికల్యోవ్‌కు సీటు ఉన్నదనడానికి ఒక చిన్న వివరం చెబుతాను. సోయుజ్ నేలను తాకేటప్పుడు తగిలే దెబ్బ వెన్నెముకకు హాని చేయకుండా, ప్రతి వ్యోమగామికీ అతని వీపు ఆకారానికి అచ్చుతీసి ఒక మెత్త తయారు చేస్తారు. ఒకరిది మరొకరికి సరిపోదు. అది లేకుండా దిగడం ప్రమాదం. నౌకలు మారిన ఆ అక్టోబరులో క్రికల్యోవ్ మెత్త పాత నౌక నుంచి కొత్త నౌకలోకి మారింది. ఆయనా వోల్కోవూ ఏ రోజు కావాలంటే ఆ రోజు అందులోకి వెళ్లి హ్యాచ్ మూసుకుంటే కొద్ది గంటల్లో భూమి మీద ఉండేవారు. ఆహారమూ నీరూ ఇంధనమూ మోసుకొచ్చే ప్రోగ్రెస్ సరుకు నౌకలు కూడా ఆగిపోలేదు. ఆగస్టు తిరుగుబాటు రోజుల్లో ఒకటి, అక్టోబరులో ఒకటి, దేశం పోయాక 1992 జనవరిలో మరొకటి వెళ్లాయి.

అయితే ఎందుకు దిగిరాలేదు? దిగితే మిర్‌లో మనిషి ఉండరు. మనిషి లేని కేంద్రానికి ఏం జరుగుతుందో క్రికల్యోవ్‌కు తెలిసినంత బాగా తెలిసినవాళ్లు తక్కువ. 1985లో సాల్యూత్-7 అనే కేంద్రం ఖాళీగా ఉన్న సమయంలో విద్యుత్తు పోయి, భూమితో సంబంధం తెగి, లోపలి నీరు గడ్డకట్టే చలిలో మూగబోయింది. వ్లదీమిర్ జానిబెకోవ్, విక్తర్ సవినీఖ్ అనే ఇద్దరు వ్యోమగాములు ఆ జూన్‌లో వెళ్లి, అదుపు లేకుండా తిరుగుతున్న ఆ కేంద్రానికి తమ నౌకను చేతితో నడిపి జోడించి, దాన్ని మళ్లీ బతికించారు. ఆ పని ఎలా చేయాలో భూమి మీద ఆలోచించి పద్ధతులు రూపొందించిన బృందంలో యువ ఇంజినీరుగా క్రికల్యోవ్ పనిచేశారు. మిర్‌ను ఖాళీ చేయడం అసాధ్యమేమీ కాదు, 1989లో కొన్ని నెలలు ఖాళీగానే ఉంచారు. కాని అప్పుడు తర్వాతి బృందం వస్తుందని భరోసా ఉంది. 1991 చివర్లో, జీతాలిచ్చే ప్రభుత్వమే ఏదో తెలియని స్థితిలో, ఆ భరోసా ఎవరూ ఇవ్వలేరు. ఖాళీ చేస్తే మిర్ కథ అంతటితో ముగిసే ప్రమాదం నిజంగానే ఉండేది. ఆయన నిలబడిన కారణాన్ని నేను అక్కడ చూస్తాను.

"చివరి సోవియట్ పౌరుడు" అని క్రికల్యోవ్‌కు వచ్చిన పేరు గురించి కూడా ఒక మాట. డిసెంబరు 25న మిర్‌లో ఉన్నది ఇద్దరు. రెండోవారైన వోల్కోవ్ ఉక్రెయిన్‌లోని గోర్లోవ్కాలో పుట్టారు; ఆయన పుట్టిన ఊరు ఆ డిసెంబరుతో వేరే దేశంలోకి పోయింది. క్రికల్యోవ్ పుట్టిన లెనిన్‌గ్రాద్ సెప్టెంబరులోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌గా పేరు మార్చుకుంది. ఆ బిరుదు ఒక్కరికే ఇచ్చి వోల్కోవ్‌ను మరిచిపోవడం న్యాయం కాదు.

ప్రశ్న: క్రికల్యోవ్ వైమానిక దళం నుంచి వచ్చినవారా? వ్యోమగామి కావడానికి ముందు ఆయన ఏం చేసేవారు?

జవాబు: కాదు. ఆయన పౌర ఇంజినీరు. 1958 ఆగస్టు 27న లెనిన్‌గ్రాద్‌లో పుట్టి, అక్కడి మెకానికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1981లో ఇంజినీరింగు పూర్తి చేసి, సోవియట్ మానవసహిత నౌకలను రూపొందించే ఎనర్జియా సంస్థలో చేరారు. అంతరిక్షంలో వాడే పరికరాలను పరీక్షించడం, వాటిని వాడే పద్ధతులు రాయడం, యాత్రలు జరుగుతున్నప్పుడు భూనియంత్రణలో కూర్చుని సాయపడడం అక్కడ ఆయన పనులు. వ్యోమగాములంటే యుద్ధవిమాన పైలట్లే అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది; నిజానికి 1964లోనే నౌకా రూపకర్త కాన్‌స్తంతీన్ ఫియక్తీస్తోవ్ వస్‌ఖోద్-1లో ఎగిరినప్పటి నుంచి ఇంజినీర్లకూ ఆ దారి తెరిచే ఉంది. సోయుజ్ బృందాల్లో చాలాకాలం నడిచిన ఏర్పాటు ఇది: కమాండర్ సైన్యం నుంచి, ఫ్లైట్ ఇంజినీరు ఎనర్జియా నుంచి.

అయితే విమానం నడపడం ఆయనకు రాదనుకోకండి. ఆకాశంలో పల్టీలు కొట్టే విన్యాస విమాన క్రీడలో ఆయన జాతీయ జట్టు సభ్యుడు. 1983లో మాస్కో చాంపియన్, 1986లో సోవియట్ యూనియన్ చాంపియన్.

1985లో ఆయనను వ్యోమగామిగా ఎంపిక చేశారు. శిక్షణ పూర్తయ్యాక కొంతకాలం సోవియట్ అంతరిక్ష విమానం బురాన్ కార్యక్రమంలో పనిచేసి, ఆపై మిర్‌కు మారారు. తొలి యాత్ర 1988 నవంబరు 26న, సోయుజ్ టీఎం-7లో, వోల్కోవ్‌తోనూ ఫ్రెంచి వ్యోమగామి జాన్-లూ క్రెత్యాన్‌తోనూ. మిర్‌కు జోడించవలసిన తర్వాతి భాగం (మాడ్యూలు) తయారీ ఆలస్యం కావడంతో కొత్త బృందాన్ని పంపలేదు. 1989 ఏప్రిల్ 27న క్రికల్యోవ్ బృందమే మిర్‌ను సర్ది, మనిషి లేకుండా ఉండేందుకు సిద్ధం చేసి దిగివచ్చింది. పై జవాబులో చెప్పిన ఖాళీ కాలం అదే. ఆ కేంద్రానికి ఎక్కడ ఏ తీగ ఉందో, ఏది ఆపితే ఏది ఆగుతుందో చేతులతో తెలిసిన మనిషి కావడం రెండేళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

ప్రశ్న: పది నెలల పాటు మిర్‌లో ఆయన రోజూ ఏం చేసేవారు? ఒంటరితనం అనిపించలేదా?

జవాబు: ఆ యాత్రలో ఆయన ఏడుసార్లు కేంద్రం బయటికి వెళ్లి పనిచేశారు, ఆరుసార్లు అర్త్సెబార్స్కీతో, ఒకసారి వోల్కోవ్‌తో. వీటిలో సొఫోరా నిర్మాణం గురించి వివరంగా చెప్పుకోవాలి.

సొఫోరా అంటే దాదాపు 14 మీటర్ల పొడవున్న జాలీ స్తంభం. మిర్‌ను దాని ఇరుసు చుట్టూ తిప్పే చిన్న ఇంజిన్లను కేంద్రానికి దూరంగా, ఒక పొడవాటి స్తంభం కొసన పెడితే, తక్కువ ఇంధనంతో ఎక్కువ మలుపు వస్తుంది. మీట పొడవు పెరిగితే శ్రమ తగ్గే సూత్రమే ఇది. ఆ ఇంజిన్లను మరుసటి ఏడు అమర్చారు. వాటికి కావలసిన స్తంభాన్ని 1991 జూలైలో నాలుగు అంతరిక్ష నడకల్లో ఈ ఇద్దరూ ముక్క ముక్కగా నిలబెట్టారు. ముక్కలను కలపడానికి మరలు వాడలేదు. వేడి చేస్తే తన పూర్వపు ఆకారానికి తిరిగివచ్చే మిశ్రమలోహపు తొడుగులను కీళ్ల మీద ఉంచి, విద్యుత్తుతో వేడి చేస్తే అవి బిగుసుకునేవి. లావుపాటి చేతి తొడుగులతో, భారరహిత స్థితిలో, పట్టు జారితే తన శరీరమే తిరిగిపోయే చోట మర బిగించడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ ఉపాయం విలువ తెలుస్తుంది.

జూలై 27న నాలుగో నడక. దాదాపు ఏడు గంటలు సాగింది. అర్త్సెబార్స్కీ స్తంభం పైకొసకు వెళ్లి, లోహపు చట్రంలో బిగించిన సోవియట్ జెండాను అక్కడ అమర్చారు. ఆ శ్రమకు ఒళ్లు చెమటపట్టి, ఆయన హెల్మెట్ అద్దం లోపలివైపు ఆవిరి కమ్మేసింది. తుడుచుకునే వీలు లేదు; చెయ్యి హెల్మెట్ లోపలికి పోదు. ముందున్నదేదీ కనిపించని స్థితిలో, కేంద్రానికి 14 మీటర్ల దూరంలో, ఒక సన్నని జాలీని పట్టుకుని ఆయన ఉన్నారు. క్రికల్యోవ్ దగ్గరుండి దారి చూపి ఆయనను కిందికి, హ్యాచ్ దాకా చేర్చారు. 1992 ఫిబ్రవరి 20న వోల్కోవ్‌తో వెళ్లినప్పుడు వోల్కోవ్ సూటులో శీతలీకరణ దెబ్బతింది. వోల్కోవ్ హ్యాచ్ దగ్గరే ఉండిపోవలసి రావడంతో, దూరంగా చేయవలసిన పనులు చాలావరకు క్రికల్యోవ్ ఒక్కరే చేశారు. అలాంటి రోజున కంగారుపడకపోవడమే ఆయన గొప్పతనమని నేననుకుంటాను.

ఇక ఒంటరితనం. మిర్‌లో హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు సరదాగా ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో, ఉండేది. తీరిక దొరికినప్పుడు ఆయన దాని మీద కూర్చుని, కేంద్రం ఏ దేశం మీదుగా పోతుంటే ఆ దేశపు హామ్‌లతో మాట్లాడేవారు. దేశంలో జరుగుతున్నది కొంతవరకు వాళ్ల నోటే ఆయన విన్నారు. ఆయన భార్య కూడా ఎనర్జియా ఉద్యోగే. ఆమెతో మాట్లాడే అవకాశం ఉండేది. బయల్దేరేటప్పటికి కూతురు ఇంకా ఏడాది నిండని పసిపాప. 1992 జనవరిలో రష్యా ప్రభుత్వం ధరల మీద నియంత్రణ ఎత్తేసింది. సరుకుల ధరలు రోజుకోలా పెరుగుతూ జీతాల విలువ కరిగిపోతున్న ఆ చలికాలంలో, ఆయనను బాధపెట్టే విషయాలేవీ మాటల్లో రానివ్వకుండా ఆమె జాగ్రత్తపడ్డారు. ఆయనా అటునుంచి అలాగే చేసి ఉంటారని ఆమె తర్వాత చెప్పారు.

ప్రశ్న: అన్ని నెలలు బరువు లేకుండా ఉన్నవారు భూమి మీదికి రాగానే నడవగలరా?

జవాబు: వెంటనే, సాయం లేకుండా, కష్టం. భారరహిత స్థితిలో శరీరాన్ని మోసే పని లేనందున కాళ్ల కండరాలు, వెన్నుకు ఆసరా ఇచ్చే కండరాలు సన్నబడతాయి. ఎముకల నుంచి కాల్షియం పోతుంది. రక్తం తలవైపు చేరడానికి అలవాటుపడుతుంది. అందుకే మిర్‌లో రోజుకు సుమారు రెండు గంటల వ్యాయామం తప్పనిసరి: రబ్బరు పట్టీలతో ఒంటిని కిందికి లాగి కట్టుకుని పరుగు యంత్రం మీద పరుగు, సైకిల్ తొక్కడం. వీటికి తోడు ‘పింగ్విన్’ అనే సూటు వేసుకునేవారు. దానిలో కుట్టిన సాగే తాళ్లు ఒంటిని ముడుస్తుంటే, నిటారుగా ఉండడానికి కండరాలు నిరంతరం పనిచేయాలి. దిగే ముందు వారాల్లో ‘చిబీస్’ అనే పంట్లాం లాంటి పరికరంలో నిలబడతారు. నడుము కిందిభాగంలో గాలి పీడనం తగ్గించి రక్తాన్ని కాళ్లలోకి లాగుతుంది అది. నేల మీద నిలబడ్డప్పుడు తల తిరగకుండా గుండెకూ రక్తనాళాలకూ ముందుగా ఇచ్చే తర్ఫీదు అన్నమాట.

1992 మార్చి 25న క్రికల్యోవ్, వోల్కోవ్, జర్మన్ వ్యోమగామి క్లౌస్-డీట్రిచ్ ఫ్లాడే కజకిస్తాన్‌లోని అర్కలిక్ ప్రాంతంలో దిగారు. మొత్తం 311 రోజులు; భూమి చుట్టూ దాదాపు అయిదు వేల ప్రదక్షిణలు. పాలిపోయిన ముఖంతో, చెమటలు పడుతున్న ఆయనను సహాయకులు పట్టుకుని బయటికి తెచ్చారు. ఒంటి మీది సూటుకు ఇంకా సోవియట్ గుర్తులే ఉన్నాయి. దిగిన నేల మాత్రం మూడు నెలలుగా స్వతంత్ర దేశం. తర్వాత ఆయన పూర్తిగా కోలుకున్నారనడానికి వేరే రుజువు అక్కర్లేదు, మరో నాలుగుసార్లు ఎగిరారు.

ప్రశ్న: వేగంగా ప్రయాణించినందువల్ల క్రికల్యోవ్ వయసు మనకంటే తగ్గిందంటారు. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కాని మొత్తం యాత్రలన్నీ కలిపినా తేడా సెకనులో యాభయ్యో వంతు మాత్రమే. సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగం వల్ల గడియారం నెమ్మదిస్తుంది. గురుత్వం స్వల్పంగా తక్కువగా ఉన్నందువల్ల కొంచెం వేగమందుకుంటుంది. మొదటిది పెద్దది కనుక అంతిమంగా ఆయన గడియారమే వెనకబడింది.

ప్రశ్న: ఆ తర్వాత ఆయన జీవితం ఎలా సాగింది? అన్నిటికంటే ఎక్కువ రోజులు అంతరిక్షంలో గడిపిన రికార్డు ఇప్పటికీ ఆయనదేనా?

జవాబు: 1989లో సోవియట్ యూనియన్ వీరుడి బిరుదు పొందిన ఆయనకు, 1992 ఏప్రిల్‌లో రష్యా సమాఖ్య వీరుడి బిరుదు లభించింది. అప్పుడే నెలకొల్పిన ఆ బిరుదును అందుకున్న తొలివారిలో ఆయన ఒకరు. కొద్ది నెలలకే అమెరికా, రష్యాలు ఉమ్మడి యాత్రలకు ఒప్పందం చేసుకున్నాయి. రష్యా వ్యోమగామిని అమెరికా అంతరిక్ష విమానమైన షటిల్‌లో పంపాలనుకున్నప్పుడు ఎంపికైనది క్రికల్యోవే. 1994 ఫిబ్రవరిలో డిస్కవరీలో ఎగిరి, షటిల్ ఎక్కిన తొలి రష్యన్ వ్యోమగామి అయ్యారు.

ఆయన వృత్తి జీవితంలో 1991 నాటి యాత్రకే అందరూ పెద్దపీట వేస్తారు. నా లెక్కలో దానికి సాటి రాగలవి తర్వాతి రెండూ. 1998 డిసెంబరులో ఎండీవర్ షటిల్ అమెరికా తయారీ యూనిటీ అనే భాగాన్ని, రష్యాలో తయారై ముందే కక్ష్యలోకి చేరిన జర్యా అనే భాగంతో జోడించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అదే పునాది. తలుపులు తెరిచినప్పుడు కమాండర్ రాబర్ట్ కబానా ఒక్కరే ముందు అడుగుపెట్టకుండా, క్రికల్యోవ్‌తో పక్కపక్కన లోపలికి వెళ్లారు. ఎవరు మొదటివారన్న ప్రశ్నే లేకుండా చేశారు. 2000 అక్టోబరు 31న విలియం షెపర్డ్, యూరీ గిద్జెంకోలతో కలిసి బైకనూర్ నుంచి బయల్దేరి, నవంబరు 2న ఆ కేంద్రానికి తొలి నివాసులుగా చేరారు. గాలి శుద్ధిచేసే యంత్రాలు మొదలుకొని మరుగుదొడ్డి దాకా అన్నీ ఆ ముగ్గురే పనిలోకి తెచ్చారు. ఆ రోజు నుంచి ఆ కేంద్రంలో మనిషి లేని రోజు లేదు. మిర్‌ను ఖాళీగా విడవకూడదని నిలబడిన మనిషే ఈ కొత్త కేంద్రంలో మొదటి దీపాలు వెలిగించినవారిలో ఉండడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం.

2005 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు అదే కేంద్రానికి కమాండర్‌గా వెళ్లినది ఆఖరి యాత్ర. ఆ ఆగస్టులో సెర్గేయ్ అవ్దేయెవ్ పేరున ఉన్న 747 రోజుల రికార్డును దాటి, ఆరు యాత్రలూ కలిపి 803 రోజులతో ముగించారు. తర్వాత 2009 నుంచి 2014 వరకు గగారిన్ వ్యోమగామి శిక్షణ కేంద్రానికి అధిపతిగా పనిచేసి, ఆపై రష్యా అంతరిక్ష సంస్థ రోస్‌కాస్మోస్‌లో మానవసహిత యాత్రల బాధ్యతలు చేపట్టారు.

రికార్డు ఇప్పుడు ఆయనది కాదు. 2015లో గెన్నాదీ పాదల్కా 878 రోజులతో దాన్ని దాటారు. 2024లో ఒలెగ్ కొనొనెంకో వెయ్యి రోజుల గీత దాటి, 1,111 రోజుల దగ్గర ఆగారు. ఒకే యాత్రలో ఎక్కువ కాలం ఉన్న రికార్డు క్రికల్యోవ్‌ది ఎన్నడూ కాదు. అది 1994-95లో మిర్‌లో వరసగా 437 రోజులు గడిపిన వైద్యుడు వలేరీ పల్యాకోవ్‌ది.